బొక్కకు పడవ కిరాయి

తాత ఓదెలు ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారీ
నది ఇంకొక బార వెడల్పయ్యేది.

వడధం అడవిలో ఎండాకాలమంతా తవ్వి
కలకత్తా సన్యాల్ సారు ఒక తొడ ఎముకను పట్టుకున్నాడు.
సున్నం, గోనెపట్టీలు చుట్టి
విరిగిన కాలికి కట్టినట్టు కట్టు కట్టి
ఎనిమిది మంది మోసుకొచ్చి సిరొంచ రేవులో దించారు.
చుట్టూ చేరిన జనం చెప్పులు విడిచారు,
ఎందుకో వాళ్లకూ తెలియదు.

"ఎవలిదే గీ బొక్క?"
బకాసురునిదంది పోసక్క నాయనమ్మ.
పక్కనున్న గోండు ముసలాయన
ఏ పేరూ చెప్పకుండా
దానికంటిన మట్టి తీసి నుదుట పెట్టుకున్నాడు.

సారు నవ్వలేదు.
గ్రీకు దేశంలోనూ ఇంతేనట.
వరదకు గట్టు తెగి ఇంతింత ఎముకలు బయటపడితే
ఇది ఫలానా వీరుడి భుజం, ఇది మోకాలిచిప్ప అని
పెట్టెలో పెట్టి, ఊరేగించి, గుడిలో దాచేవారట.
వీరులకన్నా ముందు టైటన్లుండేవారట.
ఆకాశమే తండ్రి, ఆ తండ్రిని కొడవలితో కోసిన కొడుకు,
భయంతో తన పిల్లల్ని తానే మింగిన ఆ కొడుకు,
మింగగా మిగిలినవాడి చేతిలో ఓడి
భూమి అడుక్కి పోయాడట.

"దాయాదుల పంచాయితి," అంది నాయనమ్మ
అరచేతిలో తంబాకు నలుపుతూ.
"మనకాడ దితి పిల్లలు, అదితి పిల్లలు.
గక్కడ గూడ గంతేనా?
గెలిసినోడు మీద ఉంటడు, ఓడినోడు మట్టిల ఉంటడు."

నడి నీళ్లలో, గడ అందని చోట
సారు ఇంకో కథ ఎత్తాడు.
చచ్చినవాళ్లను దాటించే ముసలి నావవాడట, ఖారోన్ అని.
నాలుక కింద నాణెం ఉంటేనే ఎక్కనిస్తాడు.
లేనివాళ్లు నూరేళ్లు ఒడ్డునే తిరగాలి.

తాత తెడ్డు ఆపేశాడు.
పడవ తనంతట తనే కాస్త పక్కకు తిరిగింది.

"నూరేండ్లా?
సారూ, అవుతలి ఒడ్డు మీద ఎవలున్నరనుకున్నరు?
కాళేశ్వరం అది. ఒక్క పానవట్టం మీద శివుడు, యముడు.
మా అయ్య, మా అయ్యకు అయ్య, నేను
గీడికెళ్లి గాడికి ఎన్ని కుండల బూడిద దాటిచ్చినమో
గోదారికే ఎరుక.
బతికినోనికి రూపాయి, మేకకు అర్ధ.
బూడిదకు పైస ముట్టలే.
గసొంటి నావోడు మా బెస్తోళ్లల్ల పుట్టలే. పుడితే
మా ఆడోళ్లే నీళ్లల్లకు నూకుతుండిరి."

"మరి దీనికెంత?"
ఎముక మీద చెయ్యేసి అడిగాడు సారు.

అక్కడ చిక్కుపడ్డాడు తాత.
సామానైతే పన్నెండు రూపాయలు.
శవమైతే ఏమీ లేదు.
"అది ఎప్పుడో రాయైపోయింది, ఓదెలూ."
"ఇప్పుడు రాయే. సచ్చిన దినం ఒకటుండె గద సారూ.
ఎవలన్న ఏడ్సిన్రో, లేదో."

రెండు నదులు కలిసే ఆ చోట
కనబడని మూడోది కూడా పారుతుందంటారు.
సారు కథల్లోనూ అలాంటిదొకటి ఉందట,
దాని నీళ్లు తాగితే బతికిందంతా మరిచిపోతారట.
తాత వంగి దోసెడు నీళ్లు తీసి
సున్నపు కట్టు మీద చల్లాడు.
"మర్సిపో బిడ్డా" అన్నాడు, దానితో.
ఒడ్డు చేరాక ఆరు రూపాయలు తీసుకున్నాడు.
పన్నెండూ కాదు, ఊరికేనూ కాదు.

వంతెన పడ్డాక పడవ మా పెరట్లో బోర్లా పడింది.
దాని కింద కోళ్లు పొదుగుతున్నాయి.

మొన్న కార్తీకంలో తాతను నేనే దాటించాను,
ఎర్రగుడ్డ కట్టిన కుండలో, ఆటోలో, నా ఒళ్లో.
నాలుగు నిమిషాలు.
పైనుంచి నది ఎంత చిన్నగా కనిపించిందో
కుండకు చెప్పలేదు.
అవతల దిగుతుంటే మనిషికి ఇరవై అన్నాడు
అంకీస నుంచి వచ్చిన ఆటో పిల్లవాడు.
కుండకు రెండు చేతులూ కావాలి కదా,
నోటు నా పళ్ల మధ్య ఉంది.
మెల్లగా లాగి తీసుకున్నాడు.
కుండ వైపు ఒకసారి చూసి,
"దానికేం లేదు తీ" అని
బండి తిప్పుకున్నాడు.